మధిర షెడ్డులో ఏళ్లుగా నిలిచిపోయిన ఆర్‌ఎక్స్ 100: కొనవచ్చునా, కొంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణలంక వాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. ఒక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొని, నా చేతులతోనే విప్పి బాగుచేసుకుని నడపాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. ఇప్పుడు రెండు బండ్లు నా కంటపడ్డాయి. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక మీ సలహా కోరుతున్నాను.

మొదటిది ఖమ్మం జిల్లా మధిర దగ్గరి ఒక పల్లెలో ఉంది. 1994లో రిజిస్టరయిన బండి, నంబరు ఏపీ 20తో మొదలవుతుంది. యజమాని కాలం చేశారు. ఆయన పెద్ద కుమారుడు అమ్ముతానంటున్నారు. పెద్దాయన పోయిన నాటి నుంచి బండి రేకుల షెడ్డులో బస్తాల మధ్య ఉండిపోయింది. కాగితపు సి బుక్కు భద్రంగా ఉంది కానీ, రెన్యువల్ 2019 వరకే ఉంది. కిక్కు రాడ్ సగం వరకు దిగి ఆగిపోతోంది. టైర్లు పగిలిపోయాయి, ట్యాంకు మీద రంగు లేచిపోయింది. అయితే సీటు, మడ్‌గార్డులు, మీటరు, సైలెన్సరు అన్నీ కంపెనీవేనని చూడగానే అనిపించింది. 38,000 అడుగుతున్నారు.

రెండోది విజయవాడలోనే, పాత బండ్లను తయారుచేసి అమ్మే ఒకరి దగ్గర ఉంది. కొత్త రంగు, కొత్త క్రోమ్, మొదటి కిక్కుకే స్టార్టయింది. 95,000 చెబుతున్నారు. ఇంట్లోవాళ్లు రెండోదే తీసుకోమంటున్నారు, నా మనసు మాత్రం మధిర బండి మీద ఉంది. ఆ మనసును నమ్మవచ్చునా?

మానేరు

తమ్ముడూ, నేను రవాణా శాఖ పనులతో చాలా ఏళ్లు గడిపినవాడిని కనుక ఇంజను గురించి మాట్లాడను, కాగితాల గురించే చెబుతాను. పాడైన ఇంజనును డబ్బు పెట్టి బాగుచేయించవచ్చు. సరైన కాగితాలు లేని బండికి ఎంత ఖర్చు పెట్టినా అది రోడ్డు మీదికి రాదు. కాబట్టి స్పానరు పట్టుకునే ముందు సి బుక్కు పట్టుకోవాలి.

మొదటి విషయం, యజమాని లేరు కనుక ఆయన సంతకంతో అమ్మకం జరగదు. ఎప్పుడో సంతకం పెట్టించి ఉంచిన 29, 30 నంబరు అమ్మకపు ఫారాలు ఉన్నాయని ఎవరైనా అంటే వాటిని తాకవద్దు. చనిపోయిన వ్యక్తి పేరుమీద ఆ తరువాతి తేదీతో అమ్మకం చూపించడం నేరమవుతుంది, రేపు చిక్కు వచ్చేది మీకే. వారసుడు ముందుగా 31వ నంబరు ఫారంతో బండిని తన పేరుకు మార్పించుకోవాలి. దానికి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, తల్లిగారూ తోబుట్టువులూ తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు అడుగుతారు. పెద్ద కుమారుడు అమ్ముతానన్నంత మాత్రాన సరిపోదు, తక్కిన వారసులు కూడా ఒప్పుకున్నారని మీరు స్వయంగా తెలుసుకోండి.

రెండోది, రిజిస్ట్రేషన్ గడువు. సొంత వాహనానికి మొదట 15 ఏళ్లు, ఆ తరువాత ఐదేళ్లకోసారి రెన్యువల్. బండిని తీసుకువెళ్లి తనిఖీ చేయించి 25వ నంబరు ఫారంతో దరఖాస్తు చేయాలి. ద్విచక్ర వాహనానికి ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 అయింది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 2,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్సు అదనం. అసలు బరువు ఇక్కడ కాదు. ఆలస్యానికి నెలకు 300 రూపాయల అదనపు రుసుము 2022 నుంచి అమలులో ఉంది. 2019లో గడువు ముగిసిన బండికి అది ఏ తేదీ నుంచి ఎంతగా లెక్క కడతారో బేరం కుదరక ముందే కార్యాలయంలో అడిగి తెలుసుకుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి మాట్లాడండి. బండి నిలిపి ఉంచారు కాబట్టి రుసుము పడదనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ ఆశతో బేరం చేయకండి.

మూడోది రాష్ట్రం. ఏపీ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఇప్పుడు ఆంధ్ర బండి కాదు. ఏపీ 20 ఖమ్మం జిల్లా సంఖ్య, 2014 జూన్ తరువాత ఆ రికార్డు తెలంగాణ రవాణా శాఖది. మీరు విజయవాడలో ఉంచుకుని నడపాలంటే అక్కడి నుంచి 28వ నంబరు ఫారంతో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని, ఇక్కడ పన్ను తేల్చుకుని, కొత్త నంబరు పొందాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి చట్టం కోరేది అదే.

చివరిగా, కాగితపు సి బుక్కులోని వివరాలు కంప్యూటరు రికార్డులోకి ఎక్కాయో లేదో చూడండి. పాత రిజిస్టర్లలోనే మిగిలిపోయిన బండ్లు ఇప్పటికీ తగులుతుంటాయి. అలాంటివాటికి ముందు ఆ నమోదు పని పూర్తయితేనే మిగతావి కదులుతాయి.

రెండు స్ట్రోకుల మేస్త్రీ

మానేరు గారు చెప్పినదంతా ముందు చేయండి. ఆ తరువాత నా మాట వినండి. నాది రాజమహేంద్రవరంలో చిన్న షెడ్డు, ఈ బండ్లు కంపెనీ నుంచి వస్తున్న రోజుల నుంచీ విప్పుతున్నాను.

కిక్కు సగంలో ఆగిపోతోందంటే దాని మీద ఎక్కి నిలబడి తొక్కకండి, ఎవరినీ తొక్కనివ్వకండి. బండిని తోసి గేరులో వేసి కదిలించే ప్రయత్నం అసలే వద్దు. రింగులు తుప్పుతో సిలిండరు గోడకు అంటుకుని ఉంటే ఆ బలానికి రింగు విరుగుతుంది, పిస్టన్ అంచు పగులుతుంది, బోరు (సిలిండరు లోపలి గోడ) మీద గాటు పడుతుంది. కాస్త ఓపికతో పోయే ఇబ్బంది సిలిండరునే బలి తీసుకుంటుంది.

ముందు ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో పల్చటి నూనె కొద్దిగా పోసి, మళ్లీ ప్లగ్గు బిగించి, రెండు మూడు రోజులు వదిలేయండి. డీజిలులో కొంచెం 2టీ ఆయిల్ (రెండు స్ట్రోకుల ఇంజనుకు వాడే నూనె) కలిపి పోసినా పనిచేస్తుంది. తరువాత ఎడమవైపు కరెంటు పుట్టించే మాగ్నెట్ కవరు తీసి, ప్లగ్గు లేకుండా, మాగ్నెట్ నట్టుకు స్పానరు పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. క్రాంక్ (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) స్వేచ్ఛగా తిరిగితే ఇంజను పట్టేయలేదు, లోపం కిక్కు గేర్లలోనో దాని స్ప్రింగులోనో ఉందని అర్థం. అది చిన్న పని. తిరగకపోతే రింగులో, బేరింగులో పట్టేసి ఉంటాయి. తిరుగుతూ లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటే క్రాంక్ బేరింగులు తుప్పు పట్టాయని లెక్క. అప్పుడు ఇంజను రెండుగా విప్పక తప్పదు.

ఇంకో సంగతి. ఏళ్ల తరబడి నిలిచిన రెండు స్ట్రోకుల ఇంజనులో తిరిగినా తిరగకపోయినా క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడిపోయి ఉంటాయి. నాలుగు స్ట్రోకుల బండిలో సీలు పోతే నూనె కారుతుంది, కనిపిస్తుంది. ఇక్కడ పెట్రోలు, గాలి మిశ్రమం క్రాంక్ గదిలోంచే పైకి వెళ్లాలి కాబట్టి ఆ గది గాలి చొరకుండా ఉండాలి. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. మిశ్రమం పల్చబడి, యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం దిగదు, వేడెక్కి దారి మధ్యలో పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పోయి మండుతుంది. దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిల్ తగ్గుతూ పోతుంది. అందుకే మధిర బండిని స్టార్టు చేయించి చూపించమని అడగడం కన్నా స్టార్టు చేయవద్దని చెప్పడమే మీకు మంచిది.

నల్లమల

ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, లెక్క కూడా ఎవరో ఒకరు చెప్పాలి. 38,000 బండికి. క్రాంక్ పని, బోరు, పిస్టన్, సీళ్లు కలిపి 10,000 దాకా. రెండు టైర్లు, ట్యూబులు, చైన్ స్ప్రాకెట్లు, బ్రేకు లైనింగులు, కేబుళ్లు మరో 9,000. వైరింగు, బ్యాటరీ, లైట్లు 4,000. టింకరింగు, రంగు, క్రోమ్ అడిగినవాడు అడిగినంత. కాగితాల ఖర్చు వేరు. నేను చూసిన ధరలను బట్టి చెబుతున్నాను, మీ ఊళ్లో కొంత తేడా ఉండవచ్చు. మొత్తం కలిపితే రెండో బండి ధర దగ్గరికే చేరుతున్నారు, మధ్యలో ఎన్నో నెలలు బండి ముక్కలుగా ఇంట్లో పడి ఉంటుంది. సగం విప్పి వదిలేసిన బండ్లు పాత ఇనుము ధరకు వెళ్లడం నేను చాలా చూశాను. పని నేర్చుకోవడమే ఉద్దేశమైతే ఒక పాత హీరో హోండా సీడీ 100 కొనుక్కోండి. విడిభాగాలు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, ధర పావు వంతు ఉంటుంది, పోయినా బాధ ఉండదు.

పినాకిని

నల్లమల గారి లెక్క సరైనదే, కానీ ఆ లెక్కలో 95,000 బండి లోపల ఏముందో మనకు తెలుసునన్న నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

నేను నెల్లూరులో యంత్రాల మరమ్మతు విభాగంలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను, మా నాన్నగారి ఆర్‌ఎక్స్ 100ను ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఈ బండి 1985లో ఎస్కార్ట్స్ సంస్థ ద్వారా మన దేశంలోకి వచ్చి 1996లో ఉత్పత్తి ఆగిపోయింది. అంటే అతి చిన్న వయసు బండికి కూడా ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాయి, చాలావాటికి దాటాయి. 98 సీసీ, 11 హార్స్ పవరు, వంద కిలోలు కాస్త దాటిన బరువు. ఆ పొందికే దీనికింత గిరాకీ తెచ్చింది. గిరాకీ ఉన్నచోట అలంకరించి అమ్మడం కూడా ఉంటుంది. ఆ తరువాతి కాలపు ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135 బండ్లకు పాత ట్యాంకు, పాత స్టిక్కర్లు తగిలించి 100గా అమ్మినవి ఉన్నాయి. ఒక బండి ఫ్రేములో ఇంకో బండి ఇంజను కూర్చినవి ఉన్నాయి. రంగు కింద పుట్టీ ఎంత మందం ఉందో, ఫ్రేముకు అతుకు పడిందో లేదో, అరిగిన సిలిండరును కోసి పెద్దది చేస్తూ బోరు ఎన్నోసారి తిప్పారో అమ్మేవారు చెబితే తప్ప తెలియదు. కొత్త రంగు వేసిన ప్రతి బండీ మోసమని నేననడం లేదు. పని చేసిన ప్రతి దశకూ ఫొటోలు, బిల్లులు చూపించేవారి దగ్గరైతే 95,000 న్యాయమైన ధరే కావచ్చు. అవి చూపించలేకపోతే మాత్రం మీరు మెరుపుకు డబ్బు ఇచ్చి, ఇంజను పనికి మళ్లీ ఖర్చు పెట్టవలసి వస్తుంది.

నిర్లక్ష్యానికి గురైన బండ్లు రెండు రకాలని నేను గమనించాను. ఒకటి, నిలిపి మరిచిపోయినది. రెండోది, నడుపుతూనే చేతికందిన భాగాలతో అతుకులు వేస్తూ వచ్చినది. మొదటిదానిలో తుప్పు ఉంటుంది, రబ్బరు చచ్చిపోయి ఉంటుంది, కానీ ప్రతి బోల్టూ కంపెనీ పెట్టిన చోటే ఉంటుంది. రెండోదానిలో మర తిరిగిపోయిన రంధ్రాలు, వెల్డింగుతో మూసిన పగుళ్లు, తెగ్గోసి కలిపిన వైర్లు, ఏ బండివో తెలియని గేర్లు ఉంటాయి. తుప్పును వదిలించే దారులు ఉన్నాయి. మరొకరు మార్చిపెట్టిన పనిని మళ్లీ అసలు స్థితికి తేవడమే కష్టం. మధిర బండి మొదటి రకమని మీ వర్ణన చెబుతోంది. అందుకే నా ఓటు దానికే.

వెళ్లేటప్పుడు టార్చిలైటు, పల్చటి తెల్లకాగితం, పెన్సిలు పట్టుకెళ్లండి. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయండి. ఇంజను నంబరుకూ అలాగే చేయండి. రెండూ సి బుక్కులోని నంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. అంకెల లోతు, వరుస సమానంగా లేకపోయినా, చుట్టూ గ్రైండరు ఆడిన జాడ ఉన్నా అక్కడితో తిరిగి వచ్చేయండి.

కృష్ణలంక వాసి

మీ అందరి సలహాలు రాసుకుని మధిర వెళ్లి వచ్చాను. నిన్నంతా ఆ షెడ్డులోనే గడిచింది.

కాగితాల సంగతి ముందు చెబుతాను. రెండు నంబర్లూ సి బుక్కుతో సరిపోయాయి, అచ్చు శుభ్రంగా వచ్చింది. ఇంజను నంబరు ముందు ఆర్‌ఎక్స్ 100 గుర్తయిన 1ఎల్1 ఉంది. ఖమ్మం కార్యాలయంలో విచారిస్తే బండి వివరాలు కంప్యూటరు రికార్డులో ఉన్నాయన్నారు, ఫైనాన్సు బకాయి ఏదీ లేదు. ఆలస్య రుసుముతో కలిపి ఎంతవుతుందో రాసి ఇచ్చారు. అది చిన్న మొత్తమేమీ కాదు. ఇంట్లో తల్లిగారు, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. అందరితో మాట్లాడాను. అమ్మడానికి అందరికీ సమ్మతమే, అఫిడవిట్లు ఇస్తామన్నారు.

ఇక బండి. ప్లగ్గు విప్పి నూనె పోసే పని వారం ముందే ఫోనులో చెప్పి వారి చేత చేయించాను. మాగ్నెట్ నట్టు మెల్లగా కదిపితే క్రాంక్ తిరిగింది. అంటే కిక్కు గేరు కాదు, అంతవరకు రింగులే అంటుకుని ఉండి నూనెకు వదిలాయి. అయితే తిరుగుతున్నప్పుడు మేస్త్రీ గారు చెప్పిన గరగర చేతికి తెలుస్తోంది. వారి అనుమతితో హెడ్డు విప్పి చూశాను. పిస్టన్ మీద 50 అని అచ్చుంది. సిలిండరు గోడ మీద రింగులు ఆగిన చోట సన్నని తుప్పు గీత ఉంది. గేరు ఆయిల్ బొట్టు తీసి చూస్తే నల్లగానే ఉంది, నీళ్లు చేరి పాలలా తెల్లబడలేదు. 2టీ ఆయిల్ ట్యాంకు అడుగున జిగురులా గడ్డకట్టింది. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పొరలుగా లేస్తోంది, అడుగు భాగంలో ఒకచోట వేలితో నొక్కితే చెమ్మ తెలిసింది. ముందు ఫోర్కు పైపుల మీద రబ్బరు తొడుగుల కింద గుంటలు పడ్డాయి. ఫ్రేము నిటారుగానే ఉంది, వెనుక చక్రం ముందు చక్రానికి వరుసలోనే ఉంది.

పిస్టన్ మీద 50 ఉందంటే 50 మిల్లీమీటర్ల అసలు బోరు అన్నమాటేనా?

రెండు స్ట్రోకుల మేస్త్రీ

కాదండీ. 50 అంటే అర మిల్లీమీటరు పెద్ద సైజు. ఈ ఇంజనుకు కంపెనీ బోరు 50 మిల్లీమీటర్లే కాబట్టి చాలామంది అక్కడ పొరబడతారు. అసలు పిస్టన్ మీద ఇలాంటి సైజు అచ్చు ఉండదు. 0.25, 0.50, 0.75, 1.00 అని నాలుగు సైజులు వస్తాయి, అంటే మీ సిలిండరును ఇదివరకే బోరు తిప్పారు. ఇంకా 0.75, ఆ తరువాత 1.00 మిగిలి ఉన్నాయి. తుప్పు గీత లోతు లేకపోతే 0.75తో పోతుంది. ముందు కొత్త పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపుకు తీసుకెళ్లి, ఆ పిస్టన్ కొలతకే బోరు తిప్పించండి. ముందు బోరు తిప్పించి తరువాత పిస్టన్ వెతుక్కుంటే సందు సరిగ్గా కుదరదు. బోరు అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలోని దారుల) అంచులను సన్నగా అరగదీయించడం మరిచిపోవద్దు. ఆ పదును అలాగే ఉంటే రింగు అందులో తగులుకుని విరుగుతుంది.

గరగర ఉందంటే క్రాంక్ బయటికి రావలసిందే. రెండు బేరింగులు, రెండు సీళ్లు మార్చండి. కనెక్టింగ్ రాడ్ పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం ఆడటం సహజం, నిలువునా ఏమాత్రం ఆడినా రాడ్ కిట్టు కూడా మార్చాలి. క్రాంకును సుత్తి దెబ్బలతో విప్పేవాడికి ఇవ్వకండి. ప్రెస్సు మీద విప్పి, మళ్లీ కూర్చాక డయల్ గేజీ పెట్టి వంకర సరిచూసేవాడి దగ్గరికే వెళ్లండి. మీ విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి పనివాళ్లు ఉన్నారు. వాళ్లు తొందరపడరు, మీరూ తొందరపెట్టకండి.

అంతా కూర్చాక, కార్బురేటరు నోరు, సైలెన్సరు నోరు రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న చేతి పంపుతో చదరపు అంగుళానికి 6 పౌన్ల ఒత్తిడి వరకు గాలి పెట్టి వదిలేయండి. కొద్ది నిమిషాలు ముల్లు దిగకుండా నిలిస్తే సీళ్లు, ప్యాకింగులు సరిగ్గా కూర్చున్నట్టే. దిగితే సబ్బు నీళ్లు రాసి ఎక్కడ బుడగ వస్తోందో చూడండి. స్టార్టు చేయకముందే ఈ పరీక్ష చేసిన ఇంజను దారిలో పట్టేయడం నేను చాలా అరుదుగా చూశాను.

విశాఖ తీరం

పెట్రోలు ట్యాంకు అడుగున చెమ్మ అన్నమాట చదివి ఆగలేక రాస్తున్నాను. దయచేసి ఆ ట్యాంకును నేరుగా వెల్డింగు షాపుకు తీసుకెళ్లకండి. ఏళ్లుగా ఖాళీగా ఉన్న ట్యాంకులో కూడా తుప్పు పొరల కింద పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటుంది. అది నిప్పురవ్వకు పేలుతుంది, ప్రాణాలు పోతాయి. వేడినీళ్లు, సబ్బు పొడితో పలుమార్లు కడిగి, అతుకు వేసే చోటు మాత్రమే ఖాళీ ఉండేలా నీళ్లు నింపి, ఈ పని తెలిసినవాడి చేతనే చేయించాలి. చిన్న రంధ్రమైతే టంకం సరిపోతుంది.

లోపలి తుప్పుకు గుప్పెడు నట్లు వేసి ఊపడం అందరూ చేసేదే, పొరలు రాలడానికి అది మంచిది. ఆ తరువాత వెనిగరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, కడిగిన వెంటనే వంటసోడా నీళ్లతో ఆమ్లం విరిచి, పూర్తిగా ఆరబెట్టి, నూనె తిప్పి ఉంచండి. తడిగా వదిలేస్తే గంటల్లోనే కొత్త తుప్పు పూస్తుంది.

ఇంకొక మాట ఇప్పటి పెట్రోలు గురించి. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే సాధారణమైంది. ఈ బండి తయారైన నాటి రబ్బరు దానికోసం చేసినది కాదు. పెట్రోలు కాక్ వాషర్లు, కార్బురేటరు ప్యాకింగులు, పెట్రోలు పైపు అన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. మన తీరప్రాంతపు గాలిలో అది త్వరగా జరుగుతుంది. నెల రోజులు బండి కదపరని తెలిస్తే ట్యాంకు, కార్బురేటరు గిన్నె ఖాళీ చేసి ఉంచడం మేలు. ఇథనాల్ వల్ల మిశ్రమం కాస్త పల్చబడుతుంది కూడా. కొత్త బోరు మీద ఆ సంగతి గుర్తుంచుకుని, మొదటి ప్రయాణాల తరువాత ప్లగ్గు రంగు చూస్తూ ఉండండి. తెల్లగా ఉంటే కార్బురేటరులో పెట్రోలు వెళ్లే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

నల్లమల

కిందటి మాటకు కొంత సవరణ. నంబర్లు సరిపోయి, వారసులు కలిసివచ్చి, ఫ్రేము నిటారుగా ఉన్న బండి అంటే దానికి ఖర్చు పెట్టడంలో అర్థముంది. అయినా ధర విషయంలో గట్టిగా ఉండండి. క్రాంక్, బోరు, ట్యాంకు, ఫోర్కు పైపులు, ఆలస్య రుసుము అన్నీ కాగితం మీద రాసి వారి ముందు పెట్టండి. తండ్రిగారి బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు కనుక కించపరిచేలా మాట్లాడకండి. బాగుచేయడానికే తీసుకుంటున్నారని తెలిస్తే వాళ్లే తగ్గిస్తారు.

ఇంకొకటి, ఇది అందరికీ చెబుతున్నాను. ఇలాంటి బండిని తెచ్చి ఫ్రేము వెనుక భాగం కోసేసి, సైలెన్సరు లోపలి గొట్టం పీకేసి వీధుల్లో చప్పుడు చేసే పద్ధతి బాగా పెరిగింది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం. పైగా లోపలి గొట్టం తీసేస్తే ఈ ఇంజను కింది వేగంలో బలం కోల్పోతుంది. అసలు రూపంలో ఉన్న బండ్లు కొన్నే మిగిలాయి, వాటినీ కోయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పినాకిని

విప్పేటప్పుడు పాటించవలసిన ఒక పద్ధతి చెబుతాను, ఎందుకంటే మొదటిసారి విప్పేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రతి భాగం తీయకముందు ఫొటో, తీశాక దాని బోల్టులతో సహా విడి కవరు, కవరు మీద పేరు. వైరింగు విషయంలో ఇంకా జాగ్రత్త, ఏ రంగు వైరు ఏ రంగుతో కలిసిందో కాగితం మీద గీసుకోండి. ఇంజను, ఫ్రేము, వైరింగు ఒకేసారి విప్పి పోగుపెట్టకండి. ఒకదాన్ని ముగించి ఇంకొకదానికి వెళ్లండి. కవరు స్క్రూలు కదలకపోతే సాధారణ స్క్రూడ్రైవరుతో తల పాడుచేయకుండా, సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్టు డ్రైవరు వాడండి.

తీసిన పాత భాగం ఏదీ పారేయవద్దు. బజారులో దొరికే డూప్లికేటు భాగాలకు కొలతల్లో తేడా ఉంటుంది, పాతది పక్కన పెట్టుకుని పోల్చినప్పుడే అది తెలుస్తుంది. ముఖ్యంగా క్లచ్ ప్లేట్లు, రీడు వాల్వు రేకులు, కార్బురేటరు. మీ బండి మీద ఉన్న అసలు మికుని కార్బురేటరును కొత్త నకలుతో ఎన్నడూ మార్చకండి. శుభ్రం చేసి, జెట్లు, ఫ్లోట్ సూది మార్చితే అదే బాగా పనిచేస్తుంది. పాత నిల్వ సరుకు కోసం సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాలు ఓపికగా తిరగండి. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్లాలి, నోటితో వర్ణిస్తే ఏదో ఒకటి అంటగడతారు.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి పొడిని ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కట్టి పారేయండి. ఇంజను ఎంత బాగున్నా కొత్త లైనింగులు, కొత్త టైర్లు లేకుండా వీధి చివరి వరకు కూడా నడపవద్దు. ముందు 2.50-18, వెనుక 2.75-18 సైజులే వేయండి. వెడల్పు టైరు వేస్తే ఈ తేలికైన బండి తిరిగే తీరు చెడుతుంది.

మానేరు

డబ్బు ఇచ్చే వరుస కూడా చెప్పి ముగిస్తాను. కొద్ది అడ్వాన్సు ఇచ్చి రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అందులో రెండు నంబర్లు, వారసులందరి సంతకాలు ఉండాలి. 31వ ఫారంతో పేరు మారి, రెన్యువల్ పూర్తయి, 29, 30 ఫారాల మీద బండి తన పేరుకు మారిన వారసుడు సంతకం చేసిన రోజునే మిగతా సొమ్ము ఇవ్వండి. రెన్యువల్ తనిఖీకి బండి నడిచే స్థితిలో ఉండాలి కనుక, దానికి ముందే మీరు ఖర్చు పెట్టవలసి వస్తుంది. ఆ ఖర్చు ఎవరిది, మధ్యలో అమ్మకం ఆగిపోతే ఎలా తేల్చుకోవాలన్నది కూడా ఒప్పందంలో రాయండి. కాలుష్య ధ్రువపత్రం కావాలి. 2000 మార్చికి ముందు తయారైన ద్విచక్ర వాహనానికి కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం లోపు ఉండాలి, సీళ్లు, కార్బురేటరు సరిగా ఉన్న ఆర్‌ఎక్స్ 100 ఆ పరీక్షలో నెగ్గగలదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా ట్రయలు కోసమైనా రోడ్డెక్కవద్దు.

కృష్ణలంక వాసి

బేరం కుదిరింది. ఖర్చుల జాబితా చూపించి మాట్లాడితే తల్లిగారే కలగజేసుకుని 27,000కు ఒప్పించారు. ఆలస్య రుసుములో సగం వారే భరిస్తామన్నారు. మానేరు గారు చెప్పిన వరుసలోనే ఒప్పందం రాసుకున్నాం, వారసులందరూ సంతకాలు చేశారు. 31వ ఫారం దరఖాస్తు ఖమ్మంలో ఇచ్చేశారు. తనిఖీ అక్కడే జరగాలి కనుక బండిని ఇంకా విజయవాడ తేవడం లేదు. ఇంజనును మాత్రం విప్పి ఆటోనగర్‌కు తెచ్చాను, 0.75 పిస్టన్ దొరికింది. ఇంజనుకు 2టీ ఆయిల్ అందించే ఆటోల్యూబ్ పంపు పనిచేస్తుందో లేదో తెలియడం లేదు. దాన్ని తీసేసి పెట్రోలులోనే ఆయిల్ కలుపుకొమ్మని లేత్ షాపులో సలహా ఇచ్చారు. అలా చేయవచ్చునా?

రెండు స్ట్రోకుల మేస్త్రీ

తీసేయకండి. ఇంజను వేగాన్ని, యాక్సిలరేటరును బట్టి ఎంత ఆయిల్ కావాలో అంతే ఇచ్చే పంపు అది, ఈ బండిలోని మంచి భాగాల్లో ఒకటి. ఆయిల్ ట్యాంకు, పైపులు కిరోసినుతో కడిగి ఆరబెట్టండి, గడ్డకట్టిన జిగురు ఒక్క తునక మిగిలినా పంపు నోరు మూసుకుపోతుంది. కొత్త ఆయిల్ పోశాక పంపు మీద చిన్న స్క్రూ వదులు చేసి బుడగలు పూర్తిగా పోయేవరకు గాలి తీయండి. యాక్సిలరేటరు తిప్పినప్పుడు పంపు చక్రం మీది గుర్తు సరైన చోటికి వస్తోందో చూసి కేబులు సరిచేయండి.

మొదటి ట్యాంకుకు మాత్రం, పంపు పనిచేస్తున్నా, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ విడిగా కలపండి. పొగ ఎక్కువ వస్తుంది, కంగారుపడకండి. ఆయిల్ ట్యాంకు మీద ఒక గీత గీసి, కొంత దూరం నడిపాక మట్టం దిగిందో లేదో చూడండి. దిగితే పంపు పనిచేస్తున్నట్టే, రెండో ట్యాంకు నుంచి కలపడం మానేయండి. దిగకపోతే పంపు విప్పి నా దగ్గరికి పంపండి. మొదటి 500 కిలోమీటర్లు సగం యాక్సిలరేటరు దాటకుండా, ఒకే వేగంలో పట్టి ఉంచకుండా, అరగంటకోసారి ఆపి చల్లారనిస్తూ నడపండి. పల్లం దిగేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా మూసి ఇంజను మీద బండిని ఆపవద్దు, మూసిన కొద్దీ ఆయిల్ తగ్గిపోతుంది. క్లచ్ పట్టి దిగండి. 500 దాటాక హెడ్డు బోల్టులు చల్లటి ఇంజను మీద ఒకసారి బిగించి, గేరు ఆయిల్ మార్చి, ప్లగ్గు ఫొటో ఇక్కడ పెట్టండి.